నీటిపక్షులు, కడలితల్లులు – మన గృహిణుల పూచీ

మన గుంటూరు, ప్రకాశము సీమలలో పత్తిచేనును మిరపకల్లమును ఎరుగని స్త్రీ యుండదు. సముద్రమన్నచో మాత్రము అది జాలరుల సొమ్మనియు, మనకు పర్వదిన స్నానములకును సెలవులలో సూర్యలంక విహారమునకును పనికివచ్చునదనియు తలంచుట వాడుక. కాని నల్లమడవాగును, రొంపేరును, గుండ్లకమ్మయు ఈ భేదము నెరుగవు. మన చేలపై కురిసిన వాన, బోదెలో కడిగిన మందుడబ్బా నీరు, వీధిలో విసరిన సంచి, ఇవి యన్నియు వానివెంట దిగువకు నడచి యొకనాటికి బంగాళాఖాతమును చేరుచున్నవి. ఆ నీటిలోను, ఆ నీటి యొడ్డునను బిడ్డలను కని పెంచుకొనుచున్న తల్లులు కొందరున్నారు. వారికి నోరు లేదు. వారి మాట మనమే చెప్పుకొనవలసియున్నది.

మన పూర్వులు కడలిప్రాణులను ఎరుగనివారు కారు. తిమి యను మహామత్స్యమును మ్రింగునది తిమింగిలమని పేరిడిరి. భాగవత పంచమస్కంధమున జ్యోతిశ్చక్రము నంతయు శిశుమారాకారముగా వర్ణించిరి. సంస్కృతమున శిశుమారమనబడు గంగానది డాల్ఫినునే 2009లో భారత ప్రభుత్వమువారు జాతీయ జలచరముగా ప్రకటించిరి. ఐనను మనలో పెక్కుమంది తిమింగిలమును డాల్ఫినును నేటికిని చేపలనియే యెంచుచున్నారు. అవి చేపలు కావు. వానికి మొప్పలు లేవు; మనవలెనే ఊపిరితిత్తులు కలవు. నెత్తురు వెచ్చనిది. తల్లి బిడ్డను గర్భమున మోసి, కని, పాలిచ్చి పెంచును. ఊపిరికై మాటిమాటికి నీటిపైకి రావలయును. ఈ యొక్క సంగతి తెలిసినచో వానికి కలుగు ఆపదలు సగము తెలిసినట్లే. వలలో చిక్కిన డాల్ఫిను గాలి యందక నీటిలోనే ఉక్కిరిబిక్కిరియై చచ్చును. దాని పాలలో విషము చేరినచో ఆ విషము బిడ్డకు పోవును.

ఇంత దూరపు ప్రాణుల కథకు ముందు మన గుమ్మములోనున్న యొక చుట్టమును చూతము. గుంటూరు పట్టణమునకు కొలది మైళ్ళలో, పెదకాకాని మండలమున ఉప్పలపాడను గ్రామము కలదు. ఆ యూరి చెరువునందలి తుమ్మచెట్లపై ఏటేట వేలకొలది నీటిపక్షులు గూళ్ళు కట్టుచున్నవి. వానిలో ముఖ్యమైనది గూడబాతు. దాని ముక్కు క్రింద గొప్ప తోలుసంచి కలదు. మన తాతలనాడు రైతులు కాలువనుండి నీరు తోడిపోసిన గూడను చూచినవారు ఆ పేరు దానికెంత తగియున్నదో గ్రహింపగలరు. మూడు నాలుగు గ్రుడ్లు పెట్టి తల్లియు తండ్రియు వంతులవారీగా నెలదినములు పొదుగును. మా యింటివారు తమ బడిపిల్లలను ఒకమారు అచ్చటికి తీసికొనిపోగా నేనును వెంట వెళ్ళితిని. పిల్లపక్షి తన తల నంతయు తల్లి సంచిలో దూర్చి చేపలను అందుకొనుచుండెను. పిల్లలందరు నవ్వుచుండగా ఒక చిన్నది మాత్రము నవ్వక, ‘అమ్మగారూ, తల్లికి నొప్పి పుట్టదా?’ అని యడిగెను. పుట్టునేమో, ఐనను ఏ తల్లియు నోరు మూసికొనదు.

ఆ గ్రామస్థులు వేటకాండ్రను చెరువు దరికి చేరనీయరు. చెట్లు చాలనప్పుడు గూళ్ళకై ఇనుప చట్రములను నిలిపిరి. పక్షుల రెట్టల కంపు, రాత్రింబవళ్ళ గోల, వీనిని సహించుట పట్టణములనుండి చూడవచ్చిన మనకొక గంట వేడుక. అచ్చట కాపురమున్నవారికి నిత్యవ్రతము. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డ ఇంటిని కొంత అల్లకల్లోలము చేయును. అందుచేత ఎవరు ఆమెను పొమ్మందురు? కర్ణాటక దేశమునందలి కొక్కరె బెళ్ళూరులో ఈ జాతి పక్షులే ఊరినడుమ చింతచెట్లపై గూడు పెట్టును. అచ్చటి ప్రభుత్వము చింతపండు నష్టపడిన చెట్ల యజమానులకు కొంత సొమ్ము ముట్టజెప్పుచున్నది. రైతులు పక్షిరెట్టలను పొలమునకు ఎరువుగా వాడుకొనుచున్నారు.

ఇట్టి యాదరణ లేనిచోట ఏమగునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. కొల్లేటి ప్రాంతమందలి ఆరేడు గ్రామమున గూడబాతుల మహానివాసము కలదని 1946లో లోకమునకు తెలిసెను. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు అచ్చటికి పోయి చూడగా సుమారు 3000 పక్షులు గూళ్ళలో నుండెను. 1975 ప్రాంతమునకు ఆ నివాసము పూర్తిగా అదృశ్యమయ్యెను. మూడు పదుల యేండ్లలో, అనగా ఒక యాడుపిల్ల పుట్టి, పెరిగి, తాను తల్లియగు కాలములో, అంతటి పక్షుల పల్లె పాడుపడిపోయెను.

గూడబాతులకు మనుష్యుని వలన కలుగు కీడు తుపాకివలననే యనుకొనరాదు. పురుగుమందు మరింత మెల్లగా, మరింత నిశ్చయముగా చంపును. డి.డి.టి. యనునది పురుగులను చంపునని కనుగొన్నందుకు పాల్ ముల్లరు అను శాస్త్రజ్ఞునికి 1948లో నోబెలు బహుమాన మిచ్చిరి. దోమలను చంపి లక్షలమందిని చలిజ్వరమునుండి కాపాడిన మందు అదియే. తరువాత దానిని చేలపై వానవలె కురిపించిరి. ఆ మందు నీటిలో కరగిపోదు; కొవ్వులో నిలిచిపోవును. నీటిలోని నాచుకు కొంచెము పట్టును. నాచును తిన్న చిరుచేపకు మరికొంత. చిరుచేపలను తిన్న పెద్దచేపకు ఇంకను అధికము. ఆ చేపలను జీవితమంతయు తిన్న పక్షికి అన్నింటికంటె హెచ్చు. బొట్టుబొట్టుగా కుండ నిండినట్లు మెట్టుమెట్టునకు విషము చిక్కబడును.

ఇట్లు చేరిన విషము పక్షిని వెంటనే చంపదు. గ్రుడ్డుపెంకునకు కావలసిన సున్నమును అందనీయదు. అమెరికా తీరపు గూడబాతు తన పాదముల చర్మమును గ్రుడ్లపై కప్పి పొదుగును. పెంకు పలుచనై పోగా తల్లి బరువుకే గ్రుడ్డు చితికిపోయెను. కాలిఫోర్నియా తీరమందలి అనకాపా దీవిలో 1970లో 552 గూళ్ళు కట్టగా ఒక్క పిల్ల మాత్రమే బ్రతికి బయటపడెను. బిడ్డను కాపాడుటకు కూర్చున్న తల్లియే బిడ్డను చంపుకొనవలసి వచ్చుటకంటె దారుణమేమి కలదు?

ఈ యనర్థమును లోకమునకు చాటినవారిలో అగ్రగణ్య యొక స్త్రీ. రేచెల్ కార్సన్ అను విదుషీమణి సముద్రజీవశాస్త్రము చదివి, అమెరికా ప్రభుత్వపు మత్స్యశాఖలో పనిచేసి, సముద్రమును గూర్చి జనరంజకములగు గ్రంథములు వ్రాసెను. 1962లో ఆమె ‘సైలెంట్ స్ప్రింగ్’ అను గ్రంథమును ప్రకటించినప్పుడు మందుల వర్తకులు ఆమెను మిక్కిలి నిందించిరి. ఆమె 1964లో రోగపీడితయై మరణించెను. 1972లో అమెరికా ప్రభుత్వము డి.డి.టి. వాడుకను నిషేధించెను. గూడబాతులు క్రమముగా కోలుకొని, 2009లో ఆపదపాలైన జాతుల పట్టికనుండి తొలగింపబడెను. చెడినది బాగుపడునా యని నిరాశపడువారికి ఇది మంచి సమాధానము. కీడు ఆగినచో ప్రకృతి తనంత తాను గాయమును మాన్చుకొనును.

మనదేశమున వ్యవసాయమునకు డి.డి.టి. వాడుక 1989లో నిషేధింపబడెను. ఎండోసల్ఫానును 2011లో సుప్రీంకోర్టువారు ఆపివేసిరి. కాని మన పత్తిచేల కథ అంతటితో ముగియలేదు. 1987-88లో పురుగు విజృంభించి, ఎన్ని మందులు చల్లినను లొంగక, గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిరైతులలో కొందరు అప్పులపాలై ప్రాణములు తీసికొనిరి. వారు మ్రింగినదియు ఆ మందే. 2021-22లో మిరపపైరుపై క్రొత్త తామరపురుగు పడినప్పుడు రైతులు మరల డబ్బావెంట డబ్బా కుమ్మరించిరి. మందు చల్లునది పురుషుడే యైనను, నీరు మోసి కలుపునది, కాయ కోయునది, మందుపడిన బట్టలుతుకునది స్త్రీయే. కనుక ‘మనుష్యులకే దిక్కులేదు, పక్షులమాట యెందుకు?’ అని యడుగువారికి నా జవాబు ఇది: శత్రువు ఇద్దరికిని ఒకడే. పక్షి ముందుగా పడిపోయి మనకు కబురు చెప్పుచున్నది.

డాల్ఫినులకు కలుగు హాని మరింత హృదయవిదారకమైనది. దాని పాలు మిక్కిలి చిక్కనివి. కొవ్వు విశేషముగా కలవి. చల్లని నీటిలో బిడ్డకు వెచ్చదనము కలుగుటకై ప్రకృతి చేసిన యేర్పాటది. తల్లి పుట్టినది మొదలు తిన్న చేపలనుండి చేరిన విషమంతయు ఆమె కొవ్వులో నిలువయుండి, పాలరూపమున బిడ్డకు దిగును. అందునను తొలిచూలు బిడ్డకే యధికము, తరువాతివారికి తగ్గును. ఎంత ప్రేమతో పాలిచ్చునో అంత విషమును ఇచ్చుచున్నదన్నమాట. ఇది ఎక్కడనో జరిగిన ముచ్చట కాదు. బంగాళాఖాతమునందలి డాల్ఫినుల కొవ్వులో డి.డి.టి. శేషములున్నవని 1990 దశకమునందలి పరిశోధనలు తేల్చినవి. మానవస్త్రీల స్తన్యమునందును అవి మనదేశమున పలుమారులు కనబడినవి. దీనిని చదివి ఏ తల్లియు పాలిచ్చుట మానరాదు. తల్లిపాలకు సాటి మరియొకటి లేదు. పాలలోనికి విషము రాకుండ చేలలోనే ఆపవలెననుట నా తాత్పర్యము.

ఆపుట సాధ్యమా? సాధ్యమే. నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామమువారు పత్తి పండించుచునే పురుగుమందును పూర్తిగా మానివేసి, 2004 నాటికి అందరకు మార్గదర్శకులైరి. ఆ పిమ్మట పొదుపుసంఘముల స్త్రీలు ఈ పద్ధతిని ఆంధ్రదేశమున ఊరూరికి వ్యాపింపజేసిరి. వేపకషాయము, లింగాకర్షక బుట్టలు, పసుపుపచ్చని జిగురు అట్టలు, పురుగును తనవైపు లాగుకొను బంతిమొక్కలు, ఆముదపుమొక్కలు, ఇవియే వారి ఆయుధములు. 2016లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయమునకు 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానము లభించెను. లెక్కపద్దు వ్రాసి, ఈ యేడు మందులకు ఇంత పోయెనని భర్తకు చూపగల గృహిణి ఆ యింటిలో సగము యుద్ధమును గెలిచినదే యగును.

ఇక వలల సంగతి. నేటి వలలు నూలువి కావు. నైలాను దారముతో అల్లినవి. నీటిలో కనబడవు, కుళ్ళవు. చేపకై కట్టిన నిలువువలలో డాల్ఫిను చిక్కుట మన తీరములందు దాని చావునకు ముఖ్యకారణము. తెగి కొట్టుకొనిపోయిన వల యజమాని లేకయే యేండ్లకొలది వేటాడుచుండును. మైళ్ళకొలది పొడవుగల తేలుడువలలను నడిసముద్రమున వేయరాదని ఐక్యరాజ్యసమితివారు తీర్మానించి 1992 చివరనుండి ఆపించిరి. పాలిచ్చు ప్రాణి కాకపోయినను ఊపిరితిత్తులతో బ్రతుకుచున్న సముద్రపు తాబేలునకును ఇదే గతి. శీతకాలపు రాత్రులలో ఆలివ్ రిడ్లీ యను తాబేలు మన బాపట్ల తీరపు ఇసుకలో గొయ్యి త్రవ్వి సుమారు నూరు గ్రుడ్లు పెట్టి వెడలిపోవును. అటవీశాఖవారు గ్రుడ్లనేరి కాపాడి, 45 మొదలు 60 దినములలో వెలువడిన పిల్లలను సముద్రమున విడుచుచున్నారు. ఇంత శ్రమపడి విడిచిన పిల్ల పెరిగి తల్లియై మరల వచ్చువేళకు ట్రాలరు వలలో పడి చచ్చుటయే మిక్కిలి విచారకరము.

దీనికి మందు కనుగొనకపోలేదు. కొచ్చిలోని మత్స్యసాంకేతిక సంస్థవారు వలనడుమ అమర్చు ఇనుపజాలి నొకదానిని నిర్మించిరి. రొయ్య జాలిగుండా లోనికి పోవును. తాబేలు దానికి తగిలి పైనున్న ద్వారమున బయటపడును. కొంత చేప జారిపోవునని పడవలవారు దీనిని వాడుటకు వెనుదీయుచున్నారు. ఐతే 2019లో అమెరికావారు ఈ జాలి లేదను కారణముననే మనదేశపు సముద్రపు రొయ్యను తీసికొనము పొమ్మనిరి. డాల్ఫినులకు హానిచేయు వలలతో పట్టిన చేపలను తమ దేశమునకు రానీయమని 2016లో మరియొక నిబంధనను చేసిరి. కావున కడలిప్రాణిని కాపాడుట జాలరి కంచములోని మెతుకును కాపాడుటయే. మన తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు యంత్రపు పడవల వేట నిలిపివేయుచున్నారు; ఆ రెండు నెలలు పస్తులుండు కుటుంబములకు సహాయము సకాలమున అందవలెనని కోరుటయు ఈ ధర్మములోని భాగమే. జాలరిని దోషిగా నిలిపి, రొయ్యలకూర తినుచు, మనము నిర్దోషులమని కూర్చుండరాదు.

శీతకాలమున సూర్యలంక, నిజాంపట్నము తీరములందు తెల్లని గల్లుపక్షులు గుంపులుగా వ్రాలును. వానిలో గోధుమతల గలవి టిబెట్టు, లడఖు సరస్సులలో పుట్టి హిమాలయము దాటి మన యింటికి అతిథులై వచ్చినవి. వానికి మనము పెట్టు విందు ఏమి? చినిగిన సంచులు, సీసా మూతలు, తెగిన గేలపుదారములు. నీటిలో కొంతకాలము నానిన ప్లాస్టికునకు నాచు పట్టి, సముద్రపక్షులకు ఆహారపు వాసన వేయునని 2016లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. పసిఫిక్కు సముద్రమందలి మిడ్వే దీవిలో అల్బట్రాసు తల్లులు ఆ ముక్కలను చేపలనుకొని పిల్లల నోట పెట్టుచున్నవి. పిల్ల కడుపు నిండును, ఆకలి తీరదు, ఎముకలగూడై చచ్చును. ఆ మూతలు విసరినవారెవరో ఆ తల్లికి తెలియదు.

సోదరీమణులారా, ఇవి యన్నియు పెద్దల పనులు, ప్రభుత్వపు పనులు అని విడిచిపెట్టవలదు. ఇంటిలోనుండియే మనము చేయదగినవి కొన్ని కలవు. సంతకు గుడ్డసంచిని తీసికొనిపోవుట మొదటిది. ఖాళీ మందుడబ్బాలను చెరువులోగాని కాలువలోగాని కడుగనీయకుండుట, వానిలో పప్పులు, నూనెలు పోసి దాచకుండుట రెండవది. సంక్రాంతికి పిల్లలకు నైలాను గాలిపటపుదారమును కొనియీయకుండుట మూడవది. 2017లో జాతీయ హరితన్యాయస్థానమువారు దానిని నిషేధించిరి. అప్పుడు గూడబాతులు గూళ్ళలో నుండు కాలము. దారము తగిలి రెక్క తెగిన తల్లికై గూటిలోని పిల్ల ఎంతసేపు చూచును? సముద్రతీరమునకు పోయినప్పుడు తెచ్చినదానిని మరల ఇంటికి తెచ్చుకొనుట నాలుగవది. రాత్రివేళ ఇసుకలో తాబేలు కనబడినచో దీపములు వేసి చుట్టుముట్టక దూరముగా నిలుచుట ఐదవది. పుట్టిన పిల్ల వెలుతురును చూచి కడలి అనుకొని ఊరివైపు ప్రాకిపోవును.

ఒడ్డున డాల్ఫిను గాని తిమింగిలము గాని ప్రాణముతో చిక్కి కనబడినచో తోకపట్టి లాగరాదు. దాని తలపైనున్న రంధ్రమే దాని ముక్కు. అందు నీరు గాని ఇసుక గాని పోనీయరాదు. తడిగుడ్డలు కప్పి, ఆ రంధ్రమును మాత్రము విడిచి, ఒడలు ఎండకుండ నీరు చల్లుచు, వెంటనే అటవీశాఖవారికి కబురంపవలెను. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము వీనికి రక్షణ కల్పించినది; వీనిని చంపుటయు, మాంసము అమ్ముటయు శిక్షార్హములు.

వేటకాని బాణమునకు కూలిన క్రౌంచమును చూచి, దాని జంటపక్షి రోదనమును విని కదలిన హృదయమునుండియే మనకు ఆదికావ్యము లభించెను. పక్షి యేడ్పును వినుట మన సారస్వతమునకు మొదటి పాఠము. నేటి బాణమునకు చప్పుడు లేదు. అది మందుడబ్బాలోను, నైలాను దారములోను, మన చేతిసంచిలోను ఉన్నది. వేటకాడు ఎవడని వెదకబోయినచో ఒక్కొక్కమారు మన వాకిటికే వచ్చి నిలువవలసివచ్చును. వాకిలి మనది గనుక దిద్దుకొనుటయు మన చేతిలోనే యున్నది. ఈ యేడు మిరపనారు పోయుటకు ముందుగా ప్రతి యింటను భార్యాభర్తలు కూర్చుండి, మందు ఎంత తగ్గింపవచ్చునో ఒక్క గంట ఆలోచించుకొందురు గాక. ఆ యాలోచన ఫలము మొదట మన బిడ్డలకును, పిదప ఉప్పలపాటి గూళ్ళకును, తుదకు పేరెరుగని కడలితల్లులకును చేరును.